ఈ యేటి లోతు

కార్తిక స్నానములు ముగిసి మార్గశిరము ప్రవేశించునప్పటికి మునేరు తన ఎర్రనీటిని వదలుకొని తేటపడును. ఖమ్మము పట్టణము నొరసికొనుచు దిగి, పోలంపల్లి ఆనకట్టను దాటి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి గుడి చెంతగా ప్రవహించి, నందిగామ సీమ పొలములను తడపి, తుదకు కృష్ణలో లీనమగు ఈ యేరు, వానకాలమున గట్టులను కోయుచు పరుగులిడిన వేగమంతయు శీతకాలమున మరచి, సన్నని పాయలుగా చీలి, పాయకును పాయకును నడుమ తెల్లని ఇసుకతిన్నెలను, ఆ తిన్నెల నడుమ నీలపు మడుగులను విడిచిపోవును. జగ్గయ్యపేట ప్రక్కగా కృష్ణకు చేరు పాలేటిలోను, వేదాద్రి ముక్త్యాలల చెంత కృష్ణలోను రాతిపడకయు ఇసుకయు కలిసి, కొంత భేదముతో ఇట్టి తావులే కానవచ్చును. ఒక దినమును ఈ మడుగులలో ఈదుటకై ఉంచుకొనదలచిన పాఠకుని కొరకు ఈ అధ్యాయమును వ్రాయుచున్నాను. వ్యక్తిత్వమును గూర్చిన గ్రంథమున ఈతకేమి పనియని సంశయింపవలదు. తెలియని నీటిలో కాలుమోపునప్పుడు మనుష్యుని గర్వము, జ్ఞాపకము, స్నేహితుల యెదుట చూపదలచిన సాహసము, లోలోపలి భయము, ఇవన్నియు ఒక్కసారిగా పైకి వచ్చును. వీనిలో దేనిని నమ్మవలెనో దేనిని నమ్మరాదో నిర్ణయించుకొనుటకు అచ్చట ఎక్కువ వ్యవధి యుండదు. కనుక ఆ నిర్ణయము ఒడ్డుననే జరిగిపోవలెను.

ఇసుక నడుమ నీటిలో ఈదుట యనగానే లోకమున ముందుగా చెప్పబడు స్థలము బ్రెజిలు దేశపు ఈశాన్యమున, మరాన్యావ్ రాష్ట్రములో, అట్లాంటికు సముద్రతీరమున నున్నది. లెన్సోయిస్ మరాన్యెన్సెస్ అను నా ప్రదేశమును 1981లో జాతీయోద్యానముగా ప్రకటించిరి. 2024లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది. సుమారు లక్షాయేబదియైదువేల హెక్టారుల ఆ ఉద్యానములో సగమునకు మించినది తెల్లని ఇసుకదిబ్బలే. అది ఎడారివలె కనిపించును గాని ఎడారి కాదు. సంవత్సరపు తొలి అర్ధభాగమున అచ్చట వానలు దట్టముగా కురిసి, భూగర్భజలము పైకి లేచి, దిబ్బల నడిమి పల్లములన్నియు మంచినీటి సరస్సులగును. జూను మొదలు సెప్టెంబరు వరకు యాత్రికులు బహెయిరిన్యాస్ అను పట్టణమునుండి ఇసుకలో నడువగల బండ్లలో బయలుదేరి, దిబ్బల యంచున దిగి, మార్గదర్శిని ముందిడుకొని కాలినడకను పోయి ఆ సరస్సులలో ఈదివచ్చెదరు. గాలి దిబ్బలను జరుపుచుండును గనుక అచ్చట నిరుటి అడుగుజాడలు ఈ యేటికి పనికిరావు. మార్గదర్శిని వెంటబెట్టుకొనుటకు ముఖ్యకారణమిదియే. మన సీమయందు గాలి చేయు ఆ పనిని వరద చేయును. పనివాడు వేరైనను ఫలిత మొక్కటియే.

ఈ విషయమును కొంత నిలిచి చూడవలెను, ఏలయన ఈ అధ్యాయపు ప్రాణమంతయు ఇచ్చటనే యున్నది. ఇసుకపడకగల యేటికి స్థిరమైన అడుగు లేదు. 2023 జూలై మాసాంతమున మునేరు పొంగి, ఐతవరము దగ్గర హైదరాబాదు విజయవాడ రహదారిమీదికే ప్రవహించి రాకపోకలను నిలిపివేసినది. అంతటి ప్రవాహము గట్టుమీదనే అంత చేసినప్పుడు తన పడకలో ఏమేమి చేసియుండునో ఊహించుకొనవచ్చును. ఏరు వంక తిరిగిన చోట వెలుపలి గట్టును కోసి మడుగును లోతుచేయును. లోపలి ప్రక్కన ఇసుకను పోసి తిన్నెను పెంచును. వంతెన స్తంభముల మొదళ్ళయందు సుడితిరిగి గుండములను త్రవ్వును. మరుసటి వరదలో వానిలో కొన్నిటిని పూడ్చి, క్రొత్తవానిని వేరొకచోట త్రవ్వును. ప్రకృతి చేయు ఈ మార్పునకు మనుష్యుడు చేయునది తోడైనది. ఇండ్ల నిర్మాణమునకు ఇసుక కావలసివచ్చి యంత్రములు ఏటిలో దిగినవి. అవి త్రవ్విన గోతులకు ఏరు త్రవ్విన మడుగులకువలె వాలు ఉండదు. మోకాటిలోతున నడచుచున్నవాని కాలిక్రింద ఒక్క అడుగులో నేల లేకుండ పోవును. తిరిగి గట్టెక్కుటకు పట్టుకొన్న యంచు ఇసుకయే కనుక చేతిలో జారిపోవును. పైనుండి చూచినచో నీరు మాత్రము ఒక్కతీరుగనే తళతళలాడుచుండును.

కాబట్టి ఏటిని గూర్చిన జ్ఞానము ధాన్యమువలె గాదెలో నిలువయుండునది కాదు. ఉద్యోగార్థమై హైదరాబాదునకో బెంగళూరునకో అమెరికాకో పోయి, పండుగకు స్వగ్రామము వచ్చినవాడు, బిడ్డలను వెంటబెట్టుకొని ఏటియొడ్డున నిలిచి, “మేము చిన్నప్పుడు ఇచ్చటనే ఈతలాడినాము, నడుములోతుకంటె లేదు” అని చెప్పును. అతడు చెప్పునది సత్యమే; కాని అది ఇరువదియేండ్ల క్రిందటి యేటికి సంబంధించిన సత్యము. బాల్యస్మృతి హృదయమునకు ఎంత మధురమో పాదమునకు అంత అపాయకరము. అపరిచితుడు సహజముగనే భయపడును, అడుగును, ఆగును; స్వగ్రామస్థుడు అడుగుటకు సిగ్గుపడును. తన యూరిలో తాను దారి అడుగుట చిన్నతనమని అతని యభిప్రాయము. నా యభిప్రాయములో, ఎరిగియుండిన విషయమును మరల అడుగగలుగుట పెద్దరికపు లక్షణము.

2022 జనవరి 10వ తేదీన, సంక్రాంతి ముంగిట, చందర్లపాడు మండలము ఏటూరు గ్రామమునకు చెందిన అయిదుగురు బాలురు ఈతకై మునేటికి పోయి మరలిరాలేదు. వారు ఆ యూరి బిడ్డలే. ఆ యేరు వారికి క్రొత్తది కాదు. ఈ మాటను ఇంతకంటె పెంచి వ్రాయుటకు నాకు చేతులాడుటలేదు. ప్రపంచారోగ్యసంస్థ లెక్కప్రకారము 2021లో లోకమంతట నీట మునిగి మరణించినవారు సుమారు మూడులక్షలు. అందులో సగమునకు దగ్గరగా ముప్పదియేండ్లు నిండనివారే. ఏరు దాపున బిడ్డలను పెంచుచున్న మన సీమకు ఇది దూరపు వార్త కాదు.

ఇక మార్గదర్శి విషయము. లోతు తెలిసినవాడని చెప్పుకొనువారు రేవున పలువురుందురు. కాని మీకు కావలసినది ఈ ఋతువున, ఈ మాసమున, ఆ నీటిలో స్వయముగా దిగుచున్నవాడు. వలవేసి బ్రతుకు జాలరి అట్టివాడు. చేప ఎచ్చట దాగునో తెలిసికొనుటకు మడుగుల నన్నిటిని అతడు ప్రతిదినము గెడతో తాకి చూచుచుండును. పుట్టినో పడవనో నడపువాడును అట్టివాడే. వానిని కనుగొనుటకు ముందుదినమే ఏటియొడ్డు గ్రామమునకు పోయి, పంచాయతీ కార్యాలయమునందును, రేవున బట్టలుదుకువారియొద్దను, గొర్రెలను నీటికి తోలువారియొద్దను విచారింపవలెను. నలుగురును ఒక్కని పేరే చెప్పినచో సగము పని నెరవేరినట్లే. అతనిని పిమ్మట “ఎచ్చట దిగవచ్చును” అని గాక “ఎచ్చట దిగరాదు” అని అడుగుడు. ఎరిగినవాడు వెంటనే చేయిచాచి, ఆ రేగుచెట్టు క్రింద వద్దు బాబూ, ఆ స్తంభముల దాపున వద్దు, అచ్చట బండ్లు ఇసుక తోలినవి, అని వరుసగా చెప్పును. ఎచ్చటనైనను దిగవచ్చును, ఏమియు కాదు అనువాడు ఎంత మంచివాడైనను వాని వెంట పోవలదు. నిషేధము చెప్పలేని మార్గదర్శికి మార్గము తెలియదు.

అతని పనిదినమును మనము తీసికొనుచున్నాము గనుక కూలి ముందుగనే మాటాడుకొని, అడిగినదానికి కొంచెము కలిపి యిచ్చుట న్యాయము. “ఏమోయ్” అని పిలువక వయస్సునుబట్టి బాబాయి యనియో మామ యనియో అన్న యనియో పిలువవలెను. ఇది కేవల మర్యాదకై చెప్పుటలేదు. మీ గుంపులో ఇంజనీరులు, ఉపాధ్యాయులు, అధికారులు ఉండవచ్చును; అక్షరము రాని ఒక జాలరి “ఇక చాలు, లెండి” అన్నప్పుడు వారందరును మారుమాటాడక నీటినుండి లేవవలెను. ఆ లేచుట సాధ్యము కావలెననిన, అతని మాటకు విలువగలదని గుంపునకు ఉదయమే తెలియవలెను. అతనిని తక్కువగా పిలిచినవారు అతని హెచ్చరికను తక్కువగానే విందురు. కనుక బయలుదేరుటకు ముందు అందరిని ఒకచోట నిలిపి, ఈ దినమున వీరి మాటయే శాసనమని పెద్దవాడొకడు బిగ్గరగా చెప్పుట మంచిది. మద్యము త్రాగినవాడు గుంపులో ఒక్కడున్నను ఆనాటికి ఈత మానుకొని, గుడికి పోయి దర్శనము చేసికొని ఇల్లు చేరుడు.

దినక్రమము చెప్పెదను. మార్గశిరమునుండి మాఘము వరకు అనువైన కాలము. ఫాల్గునము దాటినచో మధ్యాహ్నపు ఇసుక అరికాళ్ళను బొబ్బలెక్కించును, మడుగుల నీరు తగ్గి పాచిపట్టును. నందిగామనుండియైనను జగ్గయ్యపేటనుండియైనను తెల్లవారుజామున బయలుదేరినచో పొగమంచు విడుచువేళకు ఏరు చేరవచ్చును. మంచుకాలమున ఉదయపు నీరు వణికించును గనుక వెంటనే దిగక, మొదటి రెండు గంటలు తిన్నెలమీద నడచుట ఉచితము. ఆ నడకయే నా దృష్టిలో ఈ యాత్రయొక్క ఉత్తమభాగము. రాత్రి పక్షులు విడిచిన అడుగులు, ఒండ్రు ఎండి పెంకులుగా విచ్చుకొన్న తావులు, వరద ఎంతయెత్తున పోయినదో చెప్పుచు తుమ్మకొమ్మలకు చిక్కుకొన్న చెత్త, ఇవన్నియు మార్గదర్శి చూపును. ఇసుకలో మోచేతిలోతు గుంట తీసిన చెలమలో నీరు మెల్లగా ఊరి తేటపడుట పట్టణపు బిడ్డలకు చూపదగిన వింత. పైని ఏరు సన్నగిల్లినను ఇసుక క్రింద మరియొక యేరు నడచుచున్నదని వారికి అప్పుడు తెలియును. ఆ ఇసుకయే బావులకు ఊట నిచ్చుచున్నదనియు, దానిని తోడివేసినచో నీటిమట్టము దిగిపోవుననియు చెప్పుటకు అంతకంటె మంచి సమయము దొరకదు.

ప్రొద్దెక్కిన పిమ్మట, మార్గదర్శి తన గెడతో మడుగును ఈ కొననుండి ఆ కొనకు కొలిచి, దిగవలసిన మేరను గుర్తుపెట్టును. ఆ గుర్తునకు రెండు కర్రలు పాతి నడుమ త్రాడు కట్టుట మేలు. తలక్రిందుగా దుముకుట ఎన్నడును కూడదు. కలకనీటి అడుగున నున్న రాయి మెడయెముకను విరుచును, బ్రతికినను జీవితమంతయు మంచముననే గడపవలసివచ్చును. పాదములే ముందు దిగవలెను, అదియు బొటనవ్రేలితో నేలను వెదకుచు దిగవలెను. కాలిక్రింద ఇసుక వదులై అడుగు కూరుకొనిపోవుచున్నట్లు తోచినచో అది ఊబి. అప్పుడు పెనుగులాడక, వెనుకకు వాలి నీటిమీదనో ఇసుకమీదనో పరుండినట్లు బరువును పరచి, కాళ్ళను మెల్లగా లాగుకొనవలెను. పదిమందికి ఒకడు ఒడ్డున నిలిచి, మాటలలోను ఫోనులోను పడక, తలలు లెక్కించుచుండవలెను. ఆ కావలి అరగంటకొకసారి మారవలెను. మునుగుచున్నవాడు కేకలు వేయునని మనము తలంతుము. నిజమునకు వానికి ఊపిరి తీయుటకే వ్యవధి యుండదు, కనుక నిశ్శబ్దముగా, నిలువునా, ముఖము పైకెత్తి చేతులతో నీటిని అదుముచు మునిగిపోవును. లెక్కించువాడు చెవులను గాక కన్నులను నమ్ముకొనవలెను.

కృష్ణలో దిగదలచినవారికి మరియొక హెచ్చరిక. వేదాద్రి, ముక్త్యాలలకు ఎగువన పులిచింతల జలాశయమున్నది. పూర్వపు కృష్ణాజిల్లావాడే యగు ఇంజనీరు కానూరి లక్ష్మణరావుగారి పేరు దానికి పెట్టిరి. అచ్చట విద్యుత్తుకై గాని డెల్టా సాగుకై గాని నీరు వదలినప్పుడు, ఆకాశము నిర్మలముగా నున్నను దిగువన నది పెరుగును. 2021 ఆగస్టు 5వ తేదీన ఆ ప్రాజెక్టు 16వ గేటు విరిగి కొట్టుకొనిపోగా, దిగువ గ్రామములనెల్ల హెచ్చరింపవలసి వచ్చినది. అట్టిది అరుదే, సాధారణమగు నీటి విడుదల మాత్రము అరుదు కాదు. తిన్నెమీద తడియంచున ఒక పుల్ల గ్రుచ్చి, నీరు పుల్లను దాటినచో ప్రశ్నింపక ఒడ్డుకు వచ్చెదమని ముందే అనుకొనవలెను. నడుమ తిన్నెమీద వంటలు పెట్టుకొనుట మానుడు. మీకును ఒడ్డునకును మధ్యనున్న చీలమండలోతు పాయయే ముందుగా పెరుగును. పుణ్యస్నానమునకు వచ్చినవారు వేదాద్రి ఘట్టమున మెట్లమీదనే మునకలు వేయవలెను.

అపాయము జరిగినచో చేయవలసినది ఇంటివద్దనే అభ్యసించిపోవుడు, అచ్చట ఆలోచన సాగదు. మునుగువానికై దుముకుట సహజప్రేరణ. ఆ ప్రేరణవలననే ఒక మరణము రెండును మూడును అగుచున్నది. ముందు కేకవేయుడు, పిమ్మట గెడ చాపుడు, త్రాడు విసరుడు, లేనిచో చీరనైనను పంచెనైనను ముడివేసి విసరుడు, మూత బిగించిన ఖాళీ నీళ్ళడబ్బానైనను విసరుడు. అందుకే అయిదారు లీటర్ల ఖాళీ డబ్బాలు రెండు, పొడవైన త్రాడొకటి లేక ఏటికి బయలుదేరరాదు. ఒడ్డుకు చేర్చినవానిని తలక్రిందుగా వ్రేలాడదీయుట, గిరగిర త్రిప్పుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట మన పల్లెలలో వాడుక. ఇవి విలువైన నిమిషములను హరించును, కక్కినది ఊపిరితిత్తులలోనికి పోవుటకు కారణమగును. శ్వాస లేనిచో వెల్లకిల పరుండబెట్టి, తల వెనుకకు వంచి, ముక్కు మూసి, నోటితో ముందు ఊపిరి ఊదవలెను. పిమ్మట రొమ్ము నడుమ రెండు చేతులతో అయిదు సెంటీమీటర్లు దిగునట్లు నిమిషమునకు 100 నుండి 120 చొప్పున నొక్కుచు, ముప్పది నొక్కుళ్ళకు రెండు ఊపిరులు ఇచ్చుచుండవలెను. ఈలోగా మరియొకడు 108కి ఫోనుచేసి, గ్రామము పేరు, రేవు పేరు, బండి రాగల దారి చెప్పవలెను. ఫోను అందని రేవులు కలవు గనుక ఎచ్చట సంకేతము దొరకునో ఉదయమే చూచుకొనుడు. నీటినుండి బ్రతికి లేచినవానిని, దగ్గు ఆగినను, తప్పక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

బిడ్డల ఈతను గూర్చి ఒక మాట. పూర్వము ఈ మెట్టసీమలో దిగుడుబావులు ఊరూర నుండెను. ఎండిన సొరబుర్రలు నడుమునకు కట్టి, మేనమామ ఒడ్డున కూర్చుండి, బాలురకు ఈత నేర్పెడివాడు. నీరు నిలుకడది, అడుగు ఎరిగినది, కావలి యున్నది. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు వచ్చి, బోరుబావులు వచ్చి ఆ బావులు పూడిపోగా, ఈత నేర్చు చోటును పోయినది, నేర్పు మేనమామయు పోయెను. ఈదవలెనను బాలుని కోరిక మాత్రము పోలేదు. ఆ కోరికను తిట్టి అణచుట వలన ప్రయోజనము లేదు. అణచినది పెద్దలు లేని మధ్యాహ్నవేళ చాటుగా ఏటికి నడిపించును. పిల్లలను మీరే పిలిచికొనిపోయి, ఎరిగినవానిని ముందుంచి, లోతులేని మడుగులో నీటిమీద వెల్లకిల తేలుట మొదటగా నేర్పుడు. చేతులు బారచాచి, ఊపిరి నింపి, కదలక తేలగలిగిన బిడ్డ సహాయము వచ్చువరకు బ్రతికియుండగలడు. వేగముగా ఈదుట తరువాతి విద్య.

సాయంకాలము మరలివచ్చునప్పుడు, తలలు లెక్కించి, ఆకులు కాగితములు ఏరుకొని, మార్గదర్శిని అతని యింటివద్ద దింపి, అతడు ఆనాడు చూపిన గోతులు ఎచ్చటెచ్చట నున్నవో ఒక కాగితముమీద వ్రాసికొని, అతనిని వెంటబెట్టుకొని గ్రామపంచాయతీకి పోవుడు. ఏ రేవునకు ఎన్ని బారల దూరమున లోతున్నదో చెప్పి, అచ్చట ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతించుడనియు, సంక్రాంతి సెలవులకు ముందే పాఠశాలలో పిల్లలకు ఆ తావులను చెప్పించుడనియు కోరుడు. కర్రలకును గుడ్డకును అగు వ్యయము మీరే యిచ్చినచో పని ఆ వారములోనే జరుగును. వచ్చు కార్తికమున వరద తీసిన పిమ్మట ఆ కర్రలను పీకి, క్రొత్తగా కొలిచి, మరల పాతవలసియుండును. అందుకును ఆ జాలరికే ఇప్పుడే చెప్పియుంచుడు.